వేలు దూరేంత వదులు

మా నాన్న పాల్వంచలో కరెంటు ప్లాంటు ఆవిరి పైపులకు ల్యాగింగ్ చేసేవాడు. అంటే వేడి బయటికి పోకుండా ఉన్ని చాపలు చుట్టి, తీగతో కట్టి, పైన రేకు తొడగడం. నేను బెంగళూరులో ఒక చిన్న ఉపగ్రహానికి దాదాపు అదే పని చేస్తాను. దూరపు నక్షత్రాల ఎక్స్‌-కిరణాలను పట్టే డిటెక్టర్ ఎప్పుడూ చల్లగా ఉండాలి. పక్కనున్న పరికరాల పెట్టెల వేడి దానికి తగలకుండా మెరిసే పలుచని పొరలతో దుప్పటి కుట్టి కడతాం. ఇద్దరిదీ ఒకటే పని అని నాన్న కాలనీ అంతా చెప్పుకునేవాడు. నాకు నామోషీగా ఉండేది.

పోయిన ఏడాది సెలవుకు వెళ్లినప్పుడు ఫోన్లో ఆ దుప్పటి ఫొటో చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

“మూలల కాడ గట్ల బిగించినవేంది బిడ్డా? నొక్కుకపోయిన కాడనే వేడి దాటుద్ది. వేలు దూరేటంత వదులు ఉంచాలె.”

“మీ పైపులు కదలవు నాన్నా. ఇది రాకెట్‌లో పోవాలి. వదులుంటే కదులుద్ది.”

“అవ్, నాకేం ఎరుక,” అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. పొరలు ఒకదానికొకటి ఆనుకుంటే వేడి దాటుతుందని నా పుస్తకాల్లోనూ ఉంది. అదే మాట ఆయన నోట వినడానికి మనసొప్పలేదు. పెద్ద చదువులు చదివినదాన్ని కదా.

బెంగళూరు తిరిగొచ్చాక గాలి తీసేసిన గదిలో పెట్టి పరీక్షిస్తే డిటెక్టర్ చల్లబడలేదు. రెండు వారాలు లెక్కలన్నీ తిరగేసి, చివరికి మూలల కట్లు విప్పి, వేలు పెట్టి చూసుకుంటూ వదులుగా కట్టాను. ఈసారి చల్లబడింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఫోన్ చేసి నువ్వన్నదే నిజం నాన్నా అనడానికి నోరు రాలేదు. ఆదివారం వెళ్లి ఎదురుగానే చెబుదాం అనుకున్నాను. శుక్రవారం పొద్దున ఆయన గుండె ఆగిపోయింది.

నేను చేరేసరికి పాడె సిద్ధం చేశారు. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. “నీ డబ్బా సల్లబడ్డదో లేదో అని రోజూ అంటుండె. నిన్ను అడగమంటే, పనిల ఉంటదిలే అన్నడు.”

ఆయనతో పనిచేసినవాళ్లే ఆయన్ని పాడెకు కట్టడానికి తాళ్లు వేసి లాగుతున్నారు. ఛాతీ మీద తెల్లగుడ్డ నొక్కుకుపోయింది.

“జర వదులుగా కట్టండి,” అన్నాను.

“దారిల కదులుద్ది బిడ్డా,” అన్నాడు ఒక పెద్దాయన.

నేను నాన్నకిచ్చిన జవాబూ అదే. తాడు కింద వేలు పెట్టి, ముడి పడేదాకా తీయలేదు.