బతికొచ్చినోడి వాటా

సారక్కకు కోపం వస్తే సూరత్‌ శివారు భేస్తాన్‌లో ఆమె ఉండే గల్లీ అంతటికీ తెలుస్తుంది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పదిహేనేళ్ల కింద మగడి వెంట సూరత్ వచ్చింది. అతను మిల్లులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు, ఆమె ఇంట్లో కూచొని చీరలకు రాళ్లు అంటించేది. చూపు మందగించేదాకా అంటించింది. ఆ కూడబెట్టిందంతా పోసి, వరసకు మరిదయ్యే పరుశురాంతో కలిసి పక్కనున్న ఉన్ అనే పేటలో కొరియర్ కౌంటర్ తీసుకుంది. ఒక్క మనిషికైతే ఫ్రాంచైజీ ఇచ్చేది లేదని కంపెనీ అంటే, ఇద్దరూ చెరిసగం వాటాతో ఒక సంస్థ పెట్టారు. ఫ్రాంచైజీ ఆ సంస్థ పేరున వచ్చింది. బోర్డు ఎక్కించిన రోజు సారక్క గల్లీలో ఇల్లిల్లూ తిరిగి లడ్డూలు పంచింది.

ఇంతలో మాయదారి కరోనా వచ్చిపడింది. రెండువేల ఇరవై మే నెలలో కూలీల రైలు దొరకగానే పరుశురాం ఊరి దారి పట్టాడు. అక్కడ పెళ్లానికి నెలలు నిండాయి.

సాంచాల దగ్గర ఒక ఆచారం ఉంది. ఊరికి పోయేవాడు తన సాంచాల మీద బదిలీ మనిషిని పెట్టిపోతాడు. వాడు తిరిగొచ్చిన రోజున బదిలీవాడు పక్కకు జరుగుతాడు, అంతే. కాగితం లేదు, కొట్లాట లేదు. పరుశురాం కూడా అదే చేశాడు. కాకపోతే కంపెనీ వ్యవహారం కదా, పద్ధతిగా ఉండాలని స్టాంపు కాగితం మీద రాయించాడు.

"నేనొచ్చెదాంక నా సగం నీదే వదినా. సంతకాలన్నీ నువ్వే వెట్టు."

పద్ధతట పద్ధతి! ఆ పద్ధతే కొంప ముంచింది.

జూన్‌లో కౌంటర్ తెరిచేటప్పుడు కంపెనీ ఇద్దరి సంతకాలూ అడిగింది. సారక్క దాపరికం లేకుండా ఆ కాగితం తీసి ఏరియా మేనేజర్ ఆదర్శ్ చేతిలో పెట్టింది. సూరత్‌లోనే ఇచ్ఛాపూర్ కాలనీలో పెరిగిన తెలుగు పిల్లవాడే. ఫోన్‌లో ఫోటో తీసుకొని "సరే ఆంటీ" అన్నాడు. ఆ మాట నమ్మి ఆమె మూతికి గుడ్డ కట్టుకొని, పార్శిల్ పార్శిల్‌కూ మందు కొడుతూ, ఒంటిచేత్తో కౌంటర్ లాక్కొచ్చింది. అక్కడ పరుశురాంకు కరోనా సోకి పద్దెనిమిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. దేవుడి దయ, బతికి బయటపడ్డాడు. జనవరిలో తిరిగొచ్చాడు.

కంపెనీ కాగితాల్లో అతని పేరు మళ్లీ ఎక్కించమని సారక్క అడిగింది. వారానికల్లా ఆదర్శ్ నోటీసుతో దిగాడు. సంస్థలో వాటా మారితే ఫ్రాంచైజీ యజమాని మారినట్టేనట. ముందుగా కంపెనీ అనుమతి తీసుకోలేదు గనక ఒప్పందం రద్దట.

"ఏడ మారింది బిడ్డా? బదిలీ వెట్టి పోయిండు. మనిషొచ్చిండు, ఆయిన సగం ఆయినకిస్తున్న. గింతే గదా!"

"బదిలీ అనేది రూల్స్‌లో లేదండీ."

"మరి జూన్‌ల కాగితం జూసి సరే అన్నదెవ్వలు? నీ నోరు కాదా? ఏడు నెలలు పార్శిళ్లు మోసుకపొయ్యేటప్పుడు కండ్లు పొయినయా?"

పైఆఫీసు వాళ్లు ఫైలు ఇప్పుడే చూశారని ఆదర్శ్ గొణిగాడు. ఓదార్పు అనుకున్నాడో ఏమో, ఇంకో మాట కూడా అన్నాడు.

"భాగస్వామి చనిపోయుంటే వేరండీ. వాటా మార్పిడికి తొంభై రోజుల గడువుంటుంది. మీ ఫ్రాంచైజీ నిలబడేది."

పరుశురాం పక్కనే ఉన్నాడు, చిక్కి సగమైన మనిషి.

"గట్లయితే నేను సచ్చినా మంచిగుండు వదినా" అన్నాడు.

"నోర్ముయ్!" సారక్క అరుపుకు రోడ్డవతలి ఆటోవాళ్లు తిరిగి చూశారు. "నీ పెండ్లాం పుస్తెలు గట్టియి గాబట్టి ఒచ్చినవ్. ఇంకోపారి గా మాటంటే చెంప పగుల్తది!"

ఆమె నోటీసు లాక్కొని ఆదర్శ్ ముందు బల్ల మీద పరిచింది.

"సారూ, దీని కింద నీ చేత్తోని ఒక్క ముక్క రాయి. 'పరుశురాం సావకుంట ఒచ్చిండు, గందుకే దుకాణం గుంజుకుంటున్నం' అని రాసి సంతకం వెట్టు. రాయి! తాళపుచెవులు నేనే ఇస్త."

ఆ ముక్క రాయడానికి ఆదర్శ్‌కు చేతులు రాలేదు. షట్టరు దింపి కంపెనీ తాళం వేయడానికి మాత్రం వచ్చాయి.