వదిన కడిగిన సీసాలు

"నాకు వాసన తెలియడం లేదు." ఇంత చిన్న మాట చెప్పాల్సిన మధ్యాహ్నం నేను చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల మా వదిన తన చేతుల్ని తానే దోషిగా నిలబెట్టుకుంది. కొన్నేళ్లుగా నేను తిన్నాను, నవ్వాను, పనికి పోయాను. ఆ మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. నా పేరు రాయను. రాస్తే ఆ పేరును కాపాడుకోవాలని చూస్తానేమోనని భయం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సూరత్‌లోని ఉధ్నాలో మా కుటుంబానికి చిన్న సోడా కార్ఖానా ఉంది. ముందు ఒక గది, వెనక రేకుల షెడ్డు, నీళ్ల తొట్టి, చేత్తో మూతలు బిగించే యంత్రం. అంతే. మా అన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి, ఆ మోతకు చెవులు సగం వినబడకుండా పోయాక ఆ పని మానేసి దీన్ని పెట్టాడు. మేం గ్యాస్ పట్టించే సోడా చేయం. పెరుగుకు తోడు ఉన్నట్టే మాకు అల్లం తోడు ఉంటుంది. జాడీలో రోజూ అంత అల్లం, అంత చక్కెర వేసి దాన్ని బతికించాలి. ఆ తోడు కలిపిన అల్లం నిమ్మ నీళ్లను సీసాల్లో నింపి మూత బిగించి రెండు రోజులు నీడన పెడితే, లోపల అదే పొంగుతుంది. మూత తీయగానే ముక్కులోకి ఘాటు ఎక్కుతుంది.

అన్న పోయినప్పుడు వదిన కార్ఖానా అమ్మేసి ఊరికి పోతుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. దినాలు అయిన మరునాడే ఆమె జాడీ మూత తీసి, తోడు చచ్చిపోలేదని చూసుకుని, అల్లం దంచడం మొదలుపెట్టింది. ఏడవలేదని కాదు. దంచుతూ ఏడ్చింది.

గుజరాత్ మందు అమ్మకం లేని రాష్ట్రం కదా, మగ్గాల వాళ్లు షిఫ్టు దిగి వచ్చి ఆమెను ఆట పట్టించేవారు.

"అక్కా, చల్లగ ఒక బీరియ్యి."

"బీరు గీరు అన్నవంటే పోలీసోళ్లకు నిన్నే పట్టిస్త. అల్లం నీళ్లు తాగి తూలేటోడివి, నీకు బీరెందుకురా?"

సీసాకు ఆమె ఎవరి దగ్గరా ముందుగా పైసలు పట్టుకునేది కాదు. తాగిన మనిషి సీసా తెచ్చి ఇస్తాడు, అదే లెక్క. తేనివాడు గల్లీలో కనబడితే వదిలేది కాదు. "ఏందిరా, సీసకు లగ్గం జేసి అత్తింటికి పంపినవా?" అని పది మందిలో అడిగేది. సాయంత్రానికి సీసా వచ్చేది.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి మావాళ్లు లారీలు ఎక్కి ఊళ్లకు పోతుంటే, వదిన కార్ఖానాలో ఉన్న సరుకంతా ఒక టెంపోలో వేయించి కామ్‌రేజ్ హైవే మీదికి తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్లాను. లారీ లారీకీ సీసాలు అందిస్తూ, "మల్లొచ్చినప్పుడు సీస తెచ్చియ్యిండ్రి, మర్వకుండ్రి" అంది. ఎవరు తెస్తారని నేను లోపల నవ్వుకున్నాను. నెలలు గడిచాక కొందరు తిరిగి వచ్చారు. బట్టల సంచుల్లో, లుంగీల మధ్య చుట్టుకుని ఆ సీసాలు తెచ్చారు. ఊరికి పోయి, మళ్లీ ఇంత దూరం ఒక ఖాళీ సీసాను మోసుకొచ్చారు. ఆమెను జనం ఎట్లా చూశారో నాకు ఆ రోజు తెలిసింది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎవరికి అన్యాయం చేశానో మీకు తెలియాలి.

ఇక నా సంగతి. మగ్గాల మీద నేను ఎన్నడూ మంచి పనివాణ్ని కాలేదు. అన్న పోయాక వదినకు సాయమని చెప్పి కార్ఖానాలో చేరాను కానీ, నిజానికి ఆమే నాకు నీడ ఇచ్చింది. అక్కడ నాకంటూ ఉన్న విద్య ఒక్కటే, ముక్కు.

తిరిగొచ్చిన సీసాల్లో జనం ఏమైనా పోసి ఉంటారు. కిరోసిన్, నూనె, ఫినాయిల్. వదిన వాటిని బట్టలుతికే సోడా పొడి వేసిన వేడి నీళ్లలో కడిగి, మంచి నీళ్లలో జాడించి ఇస్తుంది. వెచ్చగా ఉండగానే నేను ఒక్కొక్కటీ ముక్కుకు పెట్టుకోవాలి. నీళ్లకు పోని వాసన ఉంటే ఆ సీసాను పగలగొట్టాల్సిందే. అది అన్న పెట్టిన పద్ధతి. పొద్దంతా అల్లంలో మునిగే వదినకు ఆ పని చేతకాదు. ఆమె ముక్కులో అల్లం తప్ప ఇంకేదీ నిలవదు. "మా మరిది ముక్కు ముంగట ఏదీ దాగదు" అని ఆమె గిరాకీలతో చెబుతుంటే నేను వినబడనట్టు పని చేసుకునేవాణ్ని. వినబడేది. ప్రతిసారీ వినబడేది.

రెండో విడత కరోనా వచ్చిన ఎండాకాలం. బయట తాగేవాళ్లు తగ్గారు, ఇళ్లకు తీసుకుపోయేవాళ్లు పెరిగారు. ఒక పొద్దున పళ్లు తోముకుంటే పేస్టుకు వాసన లేదు. షెడ్డులోకి వచ్చి అల్లం ముక్క నలిపి చూశాను. లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, ఒంటికి అలసట కూడా లేదు. కానీ వాసన పోతే ఏమిటో ఆ రోజుల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఎందుకు చెప్పలేదు? చెబితే కార్ఖానా మూతపడుతుందని, ఏడాదిలో సరుకు అమ్ముడుపోయేది ఆ కొద్ది నెలలే అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అసలు కారణం అది కాదు. ముక్కు లేకపోతే ఆ షెడ్డులో నేనెవరిని? ఆ ప్రశ్నకు భయపడ్డాను. మాస్కు గట్టిగా కట్టుకున్నాను, వదినకు దూరంగా కూర్చున్నాను, అదే పెద్ద జాగ్రత్త అనుకున్నాను. నా వల్ల ఆమెకు జబ్బు అంటుకోలేదు. అది నా గొప్పతనం కాదు, అదృష్టం. రోజూ సీసాలు ఎత్తి ముక్కుకు పెట్టుకున్నాను. దించాను. పక్కన పెట్టాను. ఎవరైనా చూస్తే వాసన చూస్తున్నట్టే ఉండేది.

అట్లా వారం గడిచింది. మా గల్లీలోనే ఉండే మల్లేశం, మగ్గం పనివాడు, జలుబుతో ఇంట్లో పడుకుని మా సోడా తెప్పించుకున్నాడు. పరగడుపున ఒక్క గుక్కలో సగం తాగాడట. కాసేపటికి వాంతులు. నోరంతా మంట. ఆసుపత్రుల్లో చోటు లేని రోజులు అవి. అతని భార్య ఆటోలో వేసుకుని ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఒక చిన్న దవాఖానాలో సెలైన్ పెట్టించింది. మరునాడు ఆమె ఆ సీసా తెచ్చి మా గడప దగ్గర పెట్టి, జరిగింది చెప్పి వెళ్లిపోయింది.

వదిన దాన్ని తీసి నాకిచ్చింది.

"జర నువ్వే సూడు మరిదీ. ఏం పోసిన్రో ఏమో అండ్ల."

నేను మాస్కు దించి, సీసాను ముక్కుకు పెట్టుకున్నాను. గాలి లోపలికి పోయింది. ఏమీ లేదు.

"ఏ వాసన లేదు వదినా."

"నిన్న మొన్న సీసలన్నీ సూసినవా మంచిగ?"

"అన్నీ సూసిన."

ఆమె తొట్టి వైపు చూసింది. సోడా పొడికి వాసన ఉండదు. సరిగ్గా జాడించకపోతే నోరు, కడుపు మండిస్తుంది. నా జవాబు ఆమెను ఎటు నడిపించిందో ఆ క్షణంలోనే నాకు అర్థమైంది.

"గట్లయితే పొడి నీళ్లే మిగిలినయ్. నా జాడిచ్చుడు సాలలే. నా చేతులదే తప్పు."

అప్పుడైనా నోరు విప్పి ఉండవచ్చు. విప్పలేదు.

ఆమె ఆ పొద్దే నింపిన సరుకంతా మోరీలో పారబోయించింది. ఇంకెవరి ఇంట్లో సీసాలు ఉన్నాయో గుర్తు చేసుకుని, మూతికి కొంగు చుట్టి దాని మీద మాస్కు కట్టుకుని గల్లీ గల్లీ బయలుదేరింది. నేను సీసాల డబ్బా మోసుకుంటూ ఆమె వెనక నడిచాను. ప్రతి తలుపు ముందూ దూరంగా నిలబడి ఒకే మాట చెప్పింది. "నా కడుగుడుల తప్పైంది. మల్లేశం పానం మీదికొచ్చింది. మీ ఇంట్లున్న సీస తాగకుండ్రి, ఇటియ్యిండ్రి." ఒకరు తిట్టారు. ఒక ముసలామె, "గిట్ల ఇంటికొచ్చి చెప్పేటోళ్లు ఎవరున్నరు బిడ్డా" అని కళ్లు తుడుచుకుంది. ఇచ్చిన ప్రతి సీసానూ నేను డబ్బాలో సర్దాను. ఇంత నిజాయితీ కళ్ల ముందు నడుస్తుంటే, దాని వెనకే నేను అంత మౌనంగా ఎట్లా నడవగలిగాను? ఇప్పటికీ నాకు తెలియదు. నేను ఆమెను అంతగా మెచ్చుకున్న రోజు ఇంకొకటి లేదు. నన్ను నేను అంత అసహ్యించుకున్న రోజు కూడా లేదు.

మీరు అనవచ్చు, అది సోడా పొడే అయి ఉండవచ్చు కదా అని. నేనూ అదే పట్టుకుని వేలాడాను. ఆ సీసాను పారేయకుండా షెడ్డు అటక మీద పెట్టాను. నెల దాటాక ఒక పొద్దున వదిన అల్లం దంచుతుంటే ఘాటు సన్నగా ముక్కుకు తగిలింది. నిచ్చెన వేసుకుని అటక ఎక్కి ఆ సీసాను ముక్కుకు పెట్టుకున్నాను. నల్ల ఫినాయిల్. అడుగు మూలలో జిడ్డులా పట్టుకుని ఉంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అయితే చెయ్యి చాపినంత దూరంలోనే పట్టేసేవాణ్ని.

ఇక అనుమానం లేదు. ఆ రోజైనా చెప్పానా? లేదు. సీసాను గోనెసంచిలో చుట్టి పగలగొట్టాను. మొదటిది భయంతో చేసిన తప్పు అనుకుందాం. ఇది? దీనికి నా దగ్గర పేరు లేదు.

మల్లేశం కోలుకున్నాడు. మా సోడా మళ్లీ తాగలేదు. గిరాకీ మెల్లగా తిరిగొచ్చింది, ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పినందుకే వచ్చింది. కానీ వదిన మునుపటి మనిషి కాలేదు. ఒక్కో సీసాను ఎన్ని నీళ్లలో ముంచేదో. వేళ్ల సందులు పగిలి నెత్తురు వచ్చేది. కడిగినదే మళ్లీ కడిగేది. వెలుతురుకు పట్టి చూసి, నమ్మకం లేక, మళ్లీ తొట్టిలో వేసేది. మాటల మధ్యలో తన చేతుల్ని తిప్పి చూసుకునేది. నేను పక్కనే కూర్చుని సీసాలు ముక్కుకు పెట్టుకునేవాణ్ని.

ఈ మధ్య ఆమె కొడుకు శ్రీను, సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు, ప్లాస్టిక్ సీసాలు తెద్దామన్నాడు. "అమ్మా, ఛోడ్ దో నా. తాగుడు, ఫేకుడు. కడుగుడు ఖతం." తాగి పారేసేవైతే కడిగే పనే ఉండదని వాడి మాట. ఎన్నోసార్లు వద్దన్న మనిషి ఈసారి సరేనంది. "నిజమే బిడ్డా. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు" అంది. దగ్గరలోని ఖటోదరా నుంచి పాత సామాను కొనేవాడి టెంపో వచ్చింది. సగం సీసాలు పోయాయి. రెండో విడతకు టెంపో వచ్చి నిలబడి ఉంటే, వదిన తొట్టి గట్టు మీద కూర్చుని, అమ్మేయబోయే సీసాలను కూడా కడుగుతోంది. ఎవరైనా వాటిలో ఏమైనా పోసుకుని తాగుతారేమోనని.

అప్పుడు చెప్పాను. అంతా విని ఆమె సీసాను నీళ్లలోనే వదిలేసింది. ఒకటే అడిగింది.

"నేను ఇల్లిల్లు తిరిగి తప్పైందంటుంటే, ఆ డబ్బ పట్టుకొని ఎట్ల నడిచినవ్ మరిదీ?"

ఆమె లేచి టెంపోవాణ్ని పొమ్మంది. శ్రీనుకు కారణం చెప్పలేదు. మిగిలిన సీసాలతోనే ఇప్పుడు కార్ఖానా నడుస్తోంది. నాకు అన్నం పెడుతుంది. పని చెబుతుంది. గిరాకీల ముందు నా ముక్కు సంగతి మాత్రం ఎత్తదు. నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు, అడగను. మల్లేశం ఇంటికి కూడా పోయి చెప్పాను. అతను తలుపు వేసుకోలేదు, కూర్చోమనీ అనలేదు.

అయినా ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. అది నాకు దక్కాల్సినదేనా? తెలియదు. ఆ రోజు తొట్టి దగ్గర ఆమె ముందు చెప్పిన మాటల్ని, ఒక్కటి కూడా దాచకుండా ఇక్కడ రాస్తున్నాను:

"వదినా, ఆ సీస నువ్వు మంచిగనే జాడిచ్చినవ్. అండ్ల ఫినాయిల్ ఉండె. నాకు అంతకు ముందే వాసన పోయింది, నీకు చెప్పలే. తర్వాత తెలిసింది, అప్పుడు గూడ చెప్పలే. నీ చేతుల తప్పు ఎన్నడు లేకుండె. మాఫ్ చెయ్యమని అడిగే మొకం లేదు నాకు. అయినా అడుగుతున్న. నన్ను మాఫ్ చెయ్యి వదినా."