చివరి నుంచి చెప్పించే విజయకుమారి

“అక్కా, కన్నబిడ్డను పదకొండు నిమిషాలు పోగొట్టుకుంటే కేసవుతుందా?”

తలుపు తీసీ తీయగానే నేనడిగిన మాట అది. ఎదురుగా విజయకుమారి అక్క. చేతిలో గోంగూర కట్ట, ఒంటి మీద నైటీ, నెత్తిన పోలీసు టోపీ. డాబా మీద ఎండగా ఉందని టోపీ పెట్టుకుని బట్టలు ఆరేసి వచ్చిందట.

“పన్నెండైతే అవుద్ది. పదకొండుకు కాదు. లోపలికి రా. ఈ గోంగూర ఒలువు.”

అల్లూరులో మేం అద్దెకుండే ఇంటి పై వాటా ఆమెది. తీరంలోని ఓ స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్. నేను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తాను. పాప పుట్టిన కొత్తలో భయం ఎక్కువై, ఇంట్లో అందరూ తాగే నీళ్ళనూ పరీక్షించి, ఆమె క్యాను తాలూకు రిపోర్టు ఆమెకిచ్చాను. రెండు పేజీలూ చదివి, “దీంట్లో ముద్దాయి ఎవురమ్మా?” అని అడిగింది. మా స్నేహం అక్కడ మొదలైంది.

ఆమె పుట్టింది వేటకు పోయే ఇంట్లోనే. కానీ పడవెక్కితే వాంతి. చిన్నప్పుడొకసారి వాళ్ళ నాన్న చెంచురామయ్య సరదాకి ఎక్కించుకుపోతే వల మీదే కక్కిందట. ఆ రోజు వల నిండా కానాగంత చేపలు పడ్డాయి. ఇప్పటికీ చేపలు పడని రోజుల్లో వాళ్ళ జాలర్ల పాలెం వాళ్ళు ఆమెకు ఫోన్ చేసి, “ఒకసారి వచ్చి కక్కిపో విజయమ్మా” అని ఏడిపిస్తారు. సముద్రానికి దూరంగా బతకాలని పోలీసు పరీక్ష రాసింది. ఇసకలో చేపల బుట్టతో పరుగెత్తిన కాళ్ళు కాబట్టి పరుగు పందెంలో అందరికన్నా ముందొచ్చింది. తీరా పోస్టింగు సముద్రం మీదే ఇచ్చారు. గస్తీకి పోయే రోజు జేబులో విజిలున్నా లేకపోయినా నిమ్మకాయ మాత్రం ఉంటుంది.

గోంగూర ముందు కూర్చుని నేను మొదలుపెట్టాను. “పోయిన ఆదివారం ఉదయం తొమ్మిదింపావుకి ఇసకపల్లి ఒడ్డున నీళ్ళ శాంపిల్ పడుతున్నాను, పాప పక్కనే ఆడుకుంటోంది, గాలి ఉత్తరం నుంచి వీస్తోంది...”

“గాలిని తర్వాత అరెస్టు చేద్దాం. పాప ఇప్పుడు యాడుండాది?”

“కింద. వాళ్ళ నాన్న దగ్గర.”

“ఏం చేస్తా ఉండాది?”

“ఉప్మాలో జీడిపప్పులు ఏరుకుని తింటోంది.”

“ఇదీ నీ స్టేట్‌మెంటులో మొదటి లైను. ఇంక దీనికి ముందుది చెప్పు. ఆ ముందుది. అట్టా వెనక్కి పో.”

స్టేషన్లోనూ ఆమె పద్ధతి ఇదే. ఏడుస్తూ వచ్చినవాళ్ళను ఏం జరిగిందని అడగదు. ఇప్పుడు ఎవరెక్కడున్నారో చెప్పమంటుంది. మొదటి నుంచి చెప్పేవాళ్ళు సగంలో, అన్నిటికన్నా ఘోరమైన చోట, ఇరుక్కుపోతారట.

నేను వెనక్కి నడిచాను. ఇంటికి రావడం. ఆటో. పరుగు. ఒక ముసలాయన చేతుల్లోంచి పాపను లాక్కోవడం. నీలం పడవ మీద పాప, పక్కన ఆ ముసలాయన కనపడటం. అంతకుముందు...

ఆమె తలెత్తలేదు. ఆకులు తుంచుతూనే ఉంది.

“నీళ్ళలో ఎర్ర చెప్పు తేలుతూ కనపడింది అక్కా. పాపది ఎర్ర చెప్పే. మోకాళ్ళ లోతులో దిగి పట్టుకుని తిప్పి చూస్తే పెద్దవాళ్ళది. అది చూసేదాకా నేను... హరినాథ్‌కు ఎట్లా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. బిడ్డ కోసం ఏడవడం లేదు. మాటలు కూర్చుకుంటున్నాను.”

ఈ వారమంతా ఎవరికీ చెప్పనిది అదే. నిద్రలో కూడా పాప చేయి వదలడం లేదు. రేపటి నుంచి మా ఆయన హరినాథ్ నెల రోజుల ట్రైనింగుకు పోతాడు. నా దగ్గర బిడ్డ క్షేమంగా ఉండదని, చిల్లకూరులో మా అత్తగారింట్లో వదిలేద్దామని నిశ్చయించుకున్నాను. రేపు ఆమె వచ్చి పాపను తీసుకుపోతారని అక్కకు చెప్పాను.

“చిల్లకూరులో సముద్రం లేదు, నిజమే,” అంది అక్క. “హైవే ఉండాది.”

ఏడుపులో నాకు నవ్వొచ్చింది. ఆమె మళ్ళీ అడిగింది. “అది సరే. నీళ్ళలో ఎందుకు వెతికినావు?”

“సీసా నింపి తలెత్తేసరికి పాప లేదు. గాలి వేగం, అలలు వచ్చే కోణం చూశాను. కొట్టుకుపోతే దక్షిణానికే పోవాలి. అటు పరుగెత్తాను.”

“వెనక్కి తిరిగి చూసినావా?”

ఆ చెప్పు పారేసి ఒడ్డుకు తిరిగేదాకా చూడలేదు.

“ఓ నా ఎమ్మెస్సీ తల్లో! మా పాలెంలో తప్పిపోయిన బిడ్డ కనపడితే ఊరంతా తిప్పరు. ఎత్తుగా ఉండే పడవ మీద కూర్చోబెట్టి, చేతికి రంగుదేదన్నా ఇచ్చి, పక్కన కాపలా నిలబడతారు. తల్లి తలెత్తితే కనపడాల. అంతే. ఏమిచ్చినారు పాపకు?”

సంచిలోంచి నారింజ రంగు బెండు తీశాను. వలకు కట్టేది. లాక్కొచ్చేటప్పుడు పాప చేతిలోనే ఉండిపోయింది. చెరువుల వాళ్ళు ఇచ్చారని హరినాథ్‌తో అబద్ధమాడాను. సాక్ష్యం అవుతుందేమోనని ల్యాబు కవర్లో పెట్టి, తేదీ రాసి అతికించాను కూడా.

ఆ లేబుల్ చూసి అక్క నవ్వీ నవ్వీ, “నీలం పడవంటే ఆదెయ్య మామదే” అంటూ ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. “ఆదెయ్య మామా, పోయిన ఆదివారం నీ పడవ మీద ఒక పాప...”

“ఆ యమ్మ దొరికిందా? నా బెండు తీసకరమ్మను! బిడ్డనిచ్చినానో లేదో, నువ్వు తరిమినట్టు పరిగెత్తింది!”

“పాప ఏడ్చినాదా మామా?”

“ఏడవటమా? నా చద్దన్నం సగం తినింది. దూరంగా వాళ్ళమ్మ ఉరుకుతా ఉంటే చూపించి, ‘మా అమ్మ ఎక్సర్‌సైజు చేస్తాంది’ అని చెప్పింది నాకు. పిలిచినాను. అలల మోతలో ఇనపడలా.”

కిందకు పోయి హరినాథ్‌కు చెప్పాను. చివరి నుంచి. “పాప బాగుంది. ఉప్మా తింటోంది. ఈ బెండు ఆదెయ్యగారిది, మధ్యాహ్నం ముగ్గురం పోయి ఇచ్చి రావాలి.” అలా వెనక్కి వెనక్కి పోయి ఎర్ర చెప్పు దగ్గరికి వచ్చేసరికి, అతను పాపను ఒళ్ళోకి లాక్కుని ఉన్నాడు. రెండో చేయి నా భుజం మీద ఉంది. చిల్లకూరు మాటెత్తితే, “అమ్మకు ఫోన్ చేసి రావొద్దని చెప్పు” అన్నాడు, అంతే.

పాప నా దగ్గరే ఉంది. ల్యాబులో నీళ్ళ సీసా పట్టుకుని ఉండగా ఇప్పటికీ ఒక్కోసారి గుండె దడ మొదలవుతుంది. అప్పుడు సీసా కింద పెడతాను. ఆ రోజు మెట్లు దిగుతుంటే విజయకుమారి అక్క పైనుంచి అరిచి చెప్పిన మాట ప్రకారమే చేస్తాను.

“భయమేసినప్పుడు ముందు చివరి లైను రాసుకో, వాణీ. బిడ్డ యాడుండాది, ఏం తింటా ఉండాది. తర్వాత తిరిగి వెనక్కి చూడు. లెక్కలు ఆమీట వెయ్యి.”