అక్క గొంతుతో అన్న "వద్దు"

నాలుగేళ్లుగా ఒక్క మాటను మోస్తున్నాను. చిన్న మాట. "వద్దు." అది నా నోటి నుంచే వచ్చింది, కానీ నా గొంతుతో కాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. ఆదివారం మా ప్రార్థన మందిరంలో అక్క పాట ఎత్తుతుంది, నేను అందుకుంటాను. చిన్నప్పటి నుంచీ అంతే. ఆమె ఏ చరణం దగ్గర ఊపిరి తీస్తుందో, ఏ అక్షరాన్ని కాస్త సాగదీస్తుందో నాకు తెలుసు. ఆమెకు గొంతు పట్టేసిన వారాల్లో నేనే ఆమెలా పాడేదాన్ని. వెనక వరుసల వాళ్లు గుర్తుపట్టేవారు కాదు.

అక్క హైదరాబాదులో ఒక ఆస్పత్రి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. ఎంపికైంది. చేరేదీ లేనిదీ ఫోన్‌లోనే చెప్పాలి. మనిషి ఆమేనని గొంతును బట్టి గుర్తిస్తారట. "నా గొంతే నా గుర్తు" అని ఆమె చేత మూడుసార్లు పలికించి దాచుకున్నారు. పాస్‌వర్డునైతే దొంగిలిస్తారు గానీ గొంతును ఎవరు దొంగిలిస్తారని గొప్పగా చెప్పారు. నేను పక్కనే కూర్చుని విన్నాను.

ఆ ఫోన్ వచ్చిన పూట అక్క పల్లి చేనులో ఉంది. ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది. మోగితే పరుగెత్తుకొచ్చి పిలవమని నాకు చెప్పి వెళ్లింది. నేను ఎత్తాను. అవతల మనిషి కాదు, యంత్రం; ఆ గుర్తు వాక్యం చెప్పమంది. నా మామూలు గొంతుతోనే చెప్పాను. గుర్తించలేకపోయామంది. మళ్లీ చెప్పమంది.

అక్కడ ఆగిపోవచ్చు కదా? ఎవరో చెయ్యి పట్టి ఆపినట్టే ఉంది. రోజూ మోకరించే మనిషిని, ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదా? కానీ అక్క లేని ఆదివారం కళ్ల ముందుకొచ్చింది. అందరూ నా వైపు తిరిగి పాట ఎత్తమంటారు. ఎత్తడానికి నాకంటూ ఒక గొంతు లేదని, ఇన్నేళ్లూ ఆమె వెనక నిలబడే బతికానని అప్పుడు బయటపడుతుంది. ఆ భయమే. అంతేనా? అసూయ కూడా ఉండే ఉంటుంది.

ఆమె తీసే చోట ఊపిరి తీసి, ఆమె సాగదీసే చోట సాగదీసి, మళ్లీ పలికాను. గుర్తించామంది. ఉద్యోగం కావాలా, వద్దా అని అడిగింది. "వద్దు" అన్నాను. ఆ కాల్ వచ్చిన ఆనవాలు ఫోన్‌లోంచి తుడిచేశాను.

సాయంత్రం అక్క కాళ్ల మట్టి కడుక్కుంటూ అడిగింది.

"ఫోన్ గిట్ల ఏమన్న వచ్చిందానే?"

"రాలే అక్కా."

"నువ్వు పండుకున్నవేమో. నీకు నిద్ర వడితే చెవుల కాడ డప్పు కొట్టినా ఇనవడదు."

"ఏ, లేదక్కా. ఈడనే కూసున్న."

వారం చూసి ఆమే ఫోన్ చేసింది. ఉద్యోగం వేరేవాళ్లకు వెళ్లిందన్నారు. కారణం చెప్పలేదు. అక్క చాలాసేపు చేటలో పల్లీలు చెరుగుతూ ఉండిపోయింది. "దేవుడే వద్దన్నడు చెల్లె. ఆయన చిత్తం గట్లుంటే మనమేం జేస్తం" అంది.

దేవుడు అనలేదు. నేనన్నాను. నా పాపాన్ని ఆయన మీద వేసి ఊరుకున్నాను.

ప్రతి ఏడూ దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే ఆదివారం ఆమె లేచి, ఆ తలుపు మూసినందుకు దేవునికి స్తోత్రం చెల్లిస్తుంది. సంఘమంతా ఆమెన్ అంటుంది. నేనూ అంటాను. చూపు పోయిన తండ్రి ఎదుట అన్నలా నటించి దీవెన కొట్టేసిన తమ్ముడి వాక్యభాగం వస్తే నా బైబిలులో ఆ పేజీ తిప్పేస్తాను. ఆ తండ్రి గొంతునైనా అనుమానించాడు. రెండోసారి ఆ యంత్రం అదీ చేయలేదు. కాల్ రికార్డు అవుతుందని మాత్రం ముందే చెప్పింది. అంటే ఎక్కడో ఉంది. ఎవరైనా వింటే? అక్కే వింటే నన్ను గుర్తుపడుతుందా, లేక తనే అన్నాననుకుని తన మతినే అనుమానిస్తుందా?

మొన్నటి సాక్ష్యం రోజు నా నోట ఆమెన్ రాలేదు. అక్క ఒకసారి తిరిగి చూసింది. ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వలేను.

ఇంటికొచ్చి తలుపేసుకుని "ఆ రోజు వద్దన్నది నేనే" అని పైకి అన్నాను. మూడుసార్లు, వాళ్లు అక్క చేత పలికించినట్టే. గొంతు వణికింది. మధ్యలో జీరపోయింది. అక్క గొంతులా మాత్రం లేదు.