పుష్పవతి ఎంచిన చెట్టు

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోట ఉన్న ప్రతివాళ్ళూ మామిడికాయలు కడుపునిండా తింటారనుకుంటే పొరపాటే. గోదావరి లంకల్లో తిరిగి చూడండి, చుట్టూ అరటి తోటలు పెట్టుకుని సంతలో అరటిపండు బేరమాడే రైతులు కనిపిస్తారు. ఇక్కడా అంతే. చెట్లు పూత మీద ఉండగానే తోట అమ్మేస్తారు. ఆ రోజు నుంచి కాపు దిగేదాకా కాయ కొన్నవాడిది. రాలిన పిందె కూడా వాడిదే. రైతుకి మిగిలేది ఒకే ఒక్క చెట్టు. దాన్ని ఇంటి చెట్టంటారు. బేరం కుదిరేటప్పుడే ఫలానాది మాకని చూపించి, మొదలుకి సున్నం పట్టీ వేసేస్తారు. ఇంటికి ఏడాది పొడుగునా పచ్చడి దాని మీదే.

అరవై అయిదులో వానలు మొహం చాటేశాయి. ఆగిరిపల్లి దగ్గర బసవపున్నారావుకున్న కాస్త వరి చేనూ పొట్ట మీదే ఎండిపోయింది. గాదె ఖాళీ. రేషన్ కొట్లో అమెరికా నుంచి వచ్చిన ఎర్రజొన్నలిచ్చేవారు. ఎంతసేపు ఉడికించినా అవి ఉడికినట్టుండేవి కావు. ఆ జొన్నకూడు గొంతు దిగాలంటే పక్కన పుల్లగా, కారంగా ఏదో ఒకటి ఉండి తీరాలి. కూరగాయలా, ఊసే లేదు. అందుకే ఆ ఏడు ఇంటి చెట్టంటే ఇంటిల్లిపాదికీ తిండి కిందే లెక్క.

తోట కొనడానికి విస్సన్నపేట నుంచి లక్ష్మీనరసింహారావు గారు వచ్చిన రోజున, బసవపున్నారావు వెంట పదకొండేళ్ళ కూతురు పుష్పవతి కూడా వెళ్ళింది. బయల్దేరేటప్పుడే తల్లి సవరమ్మ చెప్పి పంపింది, కంచె వారనున్న ముసలి చెట్టు పెట్టుకోమని. కాయ పుల్లన, టెంక గట్టి, ఏటా ఎంతో కొంత కాస్తుంది. కానీ పంట పోయిన దగ్గర్నుంచీ బసవపున్నారావు పిల్లలకి ఏదడిగినా లేదని చెప్పీ చెప్పీ విసిగిపోయున్నాడు. ఒక్కసారైనా ఔననాలనిపించిందేమో, "నువ్వే చూపించమ్మా" అన్నాడు.

పుష్పవతి తోటంతా కలియదిరిగింది. ముసలి చెట్టు పూత పలచగా, దిక్కుమాలినట్టుంది. తోట నడిమధ్య ఉన్న పెద్ద చెట్టు మాత్రం ఆకు కనపడకుండా పూసింది. దాన్నే చూపించింది. లక్ష్మీనరసింహారావు గారు మొహం ముడుచుకునే ఒప్పుకున్నారు. ఆ ముడుచుకోవడం చూసి పిల్ల ఎంత పొంగిపోయిందో. ఇంటికొచ్చి చెబితే సవరమ్మ సరేలే అని ఊరుకుంది.

మాఘంలో మంచు కమ్మింది. మంచుతో పాటే పూతని పీల్చేసే పురుగూ దిగింది. ఆకుల మీద తేనె పోసినట్టు జిగురు కట్టి, తర్వాత నల్లబడుతుంది. తేనెమంచు అంటారు దాన్ని. లక్ష్మీనరసింహారావు గారి కూలీలు మందు పొడి తెచ్చి చెట్టు చెట్టుకీ చల్లుకుంటూ వచ్చారు. సున్నం పట్టీ కనపడగానే ఆ చెట్టు వదిలేసి అవతలి దానికి వెళ్ళిపోయారు. వాళ్ళననడానికి లేదు, అది వాళ్ళ చెట్టు కాదు. తోట అమ్మేశాక మందు సంగతి కొన్నవాడే చూసుకుంటాడు. ఆ అలవాటులోనే ఉండిపోయాడు బసవపున్నారావు. ఆ ఒక్క చెట్టుకీ తానే చల్లుకోవాలని అతనికి తట్టనే లేదు. గాలాడని నడిమధ్య చెట్టు, పూతంతా మాడి మసైపోయింది. కంచె వార ముసలి చెట్టు మాత్రం గుత్తులు గుత్తులుగా పిందె పట్టింది.

ఇంట్లో ఎవరూ పుష్పవతిని పల్లెత్తు మాట అనలేదు. అదే ఆ పిల్లకి భరించలేనిదైపోయింది. తిడితే ఏడవచ్చు, ఎదురు చెప్పచ్చు. ఏమీ అనకపోతే ఏం చేస్తుంది?

ఉండబట్టలేక ఒకరోజు తోటలో కాపలా పాక దగ్గరికి వెళ్ళి, చెట్టు మార్చుకుంటారా అని లక్ష్మీనరసింహారావు గారినే అడిగేసింది. ఆయన కోప్పడలేదు, పైగా మంచం మీద కూర్చోమన్నారు.

"పూత చూసి నేను కొన్నాను, పూత చూసే నువ్వూ కోరుకున్నావు. రేపు గాలివానకి నా కాయంతా రాలిపోతే మీ నాన్న డబ్బు వెనక్కిస్తాడా అమ్మాయ్?"

ఆ మాటలో న్యాయం ఉన్నందుకు పుష్పవతికి ఇంకా మంటెక్కింది.

వైశాఖంలో ఆ గాలివాన రానే వచ్చింది. కావలసినప్పుడు మొహం చూపించని వాన, కాయ బరువెక్కాక వచ్చి తోటంతా దులిపేసింది. తెల్లవారి లక్ష్మీనరసింహారావు గారు చెట్ల కింద రాలిన కాయల మధ్య తిరుగుతున్నారు. పుష్పవతి కనిపిస్తే, కాయలు తీసుకెళ్ళమన్నట్టు చెయ్యి ఊపారు. ఆ పిల్ల ఆశగా ముసలి చెట్టు కింద కాయలేరి గంప నింపుకొచ్చింది.

సవరమ్మ ఒక్కో కాయా తిప్పి చూసింది. ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట దెబ్బ. దెబ్బతిన్న కాయ జాడీలో పడితే పచ్చడి మొత్తం కుళ్ళిపోతుంది. పీట వేసుకుని, దెబ్బలు చెక్కేసి ఒరుగులు కోసింది. ఎండబెడితే మబ్బు. మబ్బు విడిచేసరికి సగానికి బూజు.

మిగిలిన ఒరుగులతోనే పులుసు, రోజూ అదే. ఒక పూట తమ్ముడు కంచం నెట్టేశాడు. బాగానే ఉందిరా, తినమన్నాడు బసవపున్నారావు.

"బాగాలేదు నాన్నా," అంది పుష్పవతి. "నావల్లే కదా ఇదంతా. ఒక్కళ్ళూ అనరేంటి?"

సవరమ్మ గరిటె కింద పెట్టింది.

"అనాలా? సరే, విను. ముసలి చెట్టు పెట్టుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపిస్తే, పూత చూసి మురిసిపోయి ఇంటిల్లిపాది నోట్లో మట్టి కొట్టావు. ఇక మీ నాన్న, మన చెట్టుకి మనమే మందు చల్లాలని కూడా తోచలేదు మహానుభావుడికి."

పుష్పవతి కళ్ళు తుడుచుకుని, తమ్ముడు నెట్టేసిన కంచం ముందుకి లాక్కుని గబగబా తినడం మొదలుపెట్టింది.

"వాడిది వాడికి పెట్టవే," అంది సవరమ్మ. "నీకు కుండలో ఇంకా ఉంది."