టకటక మాస్టారి ఆఖరి దిద్దుబాటు

ఆయన పెన్సిల్‌తో బల్ల మీద టకటకమనిపిస్తే గోడ మీది బల్లి కూడా తోక సర్దుకునేదట. బల్లి సంగతి దేవుడెరుగు గానీ, ఆయన ఇంటి మేడ మీది ఇంగ్లీషు క్లాసులో తప్పు మాట్లాడినవాళ్లు సగం వాక్యంలోనే గతుక్కుమనేవారు. అక్కడ చదివిన బస్సు డ్రైవరొకాయన, ఇంటి తలుపు ఎవరు తట్టినా "సారీ సర్" అనేవాడట. అందుకే ఆయన టకటక మాస్టారు.

ఒకేలా వినిపిస్తూ వేరే పని చేసే మాటల జోడీలంటే ఆయనకు ప్రాణం. "ఆన్ టైమ్ అంటే అన్న వేళకి. ఇన్ టైమ్ అంటే మించిపోకముందే. రైలు ఆన్ టైమ్ వస్తుంది, మనం ఇన్ టైమ్ వెళ్లి ఎక్కుతాం. తిరగేశారో, మీరూ మీ పెట్టే మిగులుతారు" అనేవారు.

కింది గదిలో భార్య బట్టలు కుట్టేది. పైనుంచి వినబడే పాఠాలతోనే ఇంగ్లీషు పట్టేసింది. భోజనం దగ్గర కావాలనే ఒక జోడీని తారుమారు చేసేది. ఆయన వేలు కంచం అంచు మీద టకటకమనేది. ఆవిడ పగలబడి నవ్వేది. ఎర అని తెలిసీ ఆయన ప్రతిసారీ గాలానికి చిక్కేవారు. ఇన్నేళ్ల కాపురంలో వాళ్ల సరసం అదే.

ఆవిడ ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో చేరాక, ఒకనాడు పాఠం మధ్యలో కూతురు ఫోన్ చేసింది. అమ్మ ఏదో చెప్పాలంటోంది, మీకే చెబుతుందట, వెంటనే రమ్మంది. చేతిలో సుద్దముక్కతోనే ఆయన పరుగెత్తారు.

నర్సు ఆవిడ ముఖం మీది ఆక్సిజన్ మాస్కు కాసేపు పక్కకు తీసింది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"యూ కేమ్ ఆన్ టైమ్, మాస్టారూ. మీకో మాట..."

ఆయన రెండో చెయ్యి మంచం ఇనుప పట్టీ మీద టకటకమంది. ఆయన అనుకోలేదు, వేలే అనుకుంది.

"ఇన్ టైమ్" అన్నారు.

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. నర్సు గబగబా మాస్కు తగిలించింది. మళ్లీ దాన్ని తీసేసరికి వినడానికి ఆయన ఉన్నారు, చెప్పడానికి ఆవిడ లేదు.

బయట బెంచీ మీద కూతురు అడిగింది. "అమ్మ ఏమంది నాన్నా?"

"యూ కేమ్ ఆన్ టైమ్, అంది."

పుట్టిన దగ్గర్నుంచీ ఆ చప్పుడు వింటూ పెరిగిన పిల్ల. తండ్రి చేతి వంక చూసింది. సుద్ద అంటిన వేళ్లు ఒళ్లో కదలకుండా ఉన్నాయి.

"తర్వాత?"

"తర్వాత నేను మాట్లాడాను తల్లీ."