చచ్చినవాణ్ణి లేపిన వన్స్ మోర్లు

నేను మూడో క్లాసులో ఉండగా... మిర్చి కల్లాలు ఖాళీ అయ్యాక మా ఊరి బడి ఆవరణలో పద్యనాటకం వేశారు. ఆడపిల్లల్ని నమ్మించి వదిలేసే ఒక జమీందారు కథ. చివర్లో చావు ముంచుకొస్తుంటే, "తప్పయిందని ఒక్క మాట అను" అని మోసపోయిన ఒక పిల్ల తల్లి అడుగుతుంది. వాడు అనడు. పొగరుగా పద్యం పాడి చస్తాడు.

ఆ వేషం కట్టింది మా ఊరి మోతుబరి కొడుకు. పేరు రాయను, దండగ. ఏం నటన, నా బొంద! వాడికి నటించాల్సిన పనేముంది? మా మేనత్తని పెళ్ళి చేసుకుంటానని రెండేళ్ళు నమ్మించి, చీరాల సంబంధం రాగానే మొహం చాటేశాడు. ఊరు వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. వేలెత్తి చూపింది మా అత్తనే. ఆవిడ మిరపకాయల తొడిమలు తీసే పనికి కూడా పోవడం మానేసి ఇంట్లోనే ఉండిపోయింది.

తప్పు చేసింది వాడైతే నువ్వెందుకే దాక్కోవడం అని, మా నాయనమ్మే ఆ రోజు పట్టుబట్టి అత్తని తీసుకొచ్చి ముందు వరసలో చాపేసి కూర్చోబెట్టింది.

జమీందారు చచ్చాడు. పీడా పోయిందనుకున్నాను. అంతలో "వన్స్ మోర్" అంటూ ఈలలు... మా వైపు నాటకాలు చూసినవాళ్ళకి తెలుసు, పద్యం నచ్చిందంటే పీనుగైనా లేచి మళ్ళీ పాడాల్సిందే. వాడు లేచాడు. మీసం సవరించుకుని, మా అత్తనే చూస్తూ, తప్పు ఒప్పుకోనని మళ్ళీ పాడి మళ్ళీ చచ్చాడు. జనం ఇంకా గట్టిగా అరిచారు. అత్త తల దించేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడోసారి పాడ్డానికి వాడు లేవబోతుంటే నాయనమ్మ లేచి నిలబడింది. మైకు అక్కర్లేని గొంతు ఆవిడది.

"చచ్చినోణ్ణి ఎన్నిసార్లయినా లేపుతారు గదరా... నా కూతురి బతుక్కి కూడా ఒక్కసారి వన్స్ మోర్ కొట్టండి, చూద్దాం."

హార్మోనియం ఆగిపోయింది. ఆ తర్వాత ఒక్కడు ఈల వేస్తే ఒట్టు. తెర లాగేశారు. నాయనమ్మ అత్త చెయ్యి పట్టుకుని జనం మధ్యలోంచే నడిపించుకొచ్చింది. మర్నాడు అత్త పనికి వెళ్ళింది.

మొన్న మా ఊరి గ్రూపులో ఆ పెద్దమనిషికి శాలువా కప్పిన ఫోటో పెట్టారు... కింద బోలెడన్ని దండాలు. నాటకాలు పోయాయి, నాయనమ్మా పోయింది. లేచి అడిగే నోరే లేదిప్పుడు.

మీ ఊళ్ళో కూడా అలా లేచి నిలబడ్డ ఆడవాళ్ళుంటే కింద వాళ్ళ పేర్లు రాయండి... వేషగాళ్ళ పేర్లు మాత్రం వద్దు.